క్రూయిజ్‌లో సముద్రం రేగితే, రేవు మారితే: తిరుపతి, చిత్తూరు వాళ్లు ఇంటి దగ్గరే మొదలుపెట్టాల్సిన ఏర్పాట్లు

కొండ మీద వానలు ముదిరి బండరాళ్లు జారిపడితే ఘాట్ రోడ్డు మూసేస్తారు. చేతిలో దర్శనం టికెట్ ఉన్నా అలిపిరి దగ్గర ఆగాల్సిందే. క్రూయిజ్ కూడా అలాంటి ప్రయాణమే. చూపిస్తామన్న రేవు చూపించకపోవచ్చు. సాయంత్రం కదలాల్సిన షిప్పు మర్నాడు కదలొచ్చు. రాత్రంతా క్యాబిన్ ఊగొచ్చు. షిప్పెక్కాక వీటిలో ఏదీ మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్న పనులన్నీ దాదాపు ఇంటి దగ్గరే అయిపోవాలి. అందుకే ఇందులో సగానికి పైగా షిప్పెక్కక ముందు చేయాల్సినవే ఉంటాయి.

ముందు నెల చూడండి, తర్వాత ధర

మనకు దగ్గరి రేవు చెన్నై. తిరుపతి నుంచి దాదాపు 140 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి 150 పైచిలుకు. అక్కడి నుంచి విశాఖ, పుదుచ్చేరి వైపు, 2023 జూన్ నుంచి శ్రీలంకలోని హంబన్‌టోట, ట్రింకోమలీ, కంకేసంతురై వైపు క్రూయిజ్‌లు నడిచాయి. ఏ ఏడాది ఏ రేవులన్నది మారుతుంటుంది కాబట్టి ఆ ఏటి షెడ్యూలే చూడాలి. అండమాన్‌కు వెళ్లే ప్రభుత్వ ప్రయాణికుల షిప్పులూ చెన్నై నుంచి బయల్దేరతాయి. వాటిలో రెండున్నర, మూడు రోజులు చుట్టూ నీళ్లు తప్ప మరేమీ కనిపించదు.

బంగాళాఖాతం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నమ్మదగ్గది కాదు. ఈశాన్య రుతుపవనాల గాలి ఒకవైపు, తుపానులు మరోవైపు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టింది. వర్దా 2016 డిసెంబరు 12న చెన్నై మీదికి వచ్చింది. మిచౌంగ్ 2023 డిసెంబరు మొదట్లో చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఫెంగల్ 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర దాటింది. నవంబరు క్రూయిజ్ ఎందుకింత చవగ్గా దొరుకుతోందని సంబరపడే ముందు ఈ తేదీలు ఒకసారి చూసుకోండి. ఏప్రిల్ చివర, మే నెలల్లోనూ తుపాను పుట్టొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి అరేబియా సముద్రం, లక్షద్వీప్ చుట్టుపక్కలు, శ్రీలంక దక్షిణ తీరం బాగా రేగుతాయి.

మా సలహా ఒక్కటే: సంక్రాంతి అయ్యాక, ఉగాదికి ముందు. ఆ రెండు నెలల్లో మన వైపు సముద్రం ఎక్కువ రోజులు నిలకడగా ఉంటుంది. దసరా సెలవుల్లో తప్ప కుదరదంటే వెళ్లండి, కానీ రేవులు దక్కకపోవచ్చని ముందే ఇంట్లో అందరికీ చెప్పి వెళ్లండి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉంటుంది కదా, అది సముద్రం బాగాలేక పెట్టింది కాదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టింది. దాన్ని చూసి ప్రయాణం మానుకోనక్కర్లేదు.

క్యాబిన్ ఎక్కడుందో చూసి కొనండి

ఆర్టీసీ బస్సులో వెనక చక్రాల మీది సీటుకీ, మధ్య సీటుకీ తేడా తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. షిప్పు ముందు కొన, వెనక కొన ఎక్కువ లేచి పడతాయి. పై అంతస్తులు పక్కలకు ఎక్కువ ఊగుతాయి. పొడవులో మధ్యన, ఎత్తులో కిందగా ఉన్న క్యాబిన్ తక్కువ కదులుతుంది. ఖరీదైన బాల్కనీ గదులు ఎక్కువగా పైన ఉంటాయి. కాబట్టి బస్సు పడనివాళ్లు డబ్బు ఎక్కువ పెట్టి ఎక్కువ ఊగే గది కొనుక్కునే ప్రమాదం ఉంది. బుకింగ్ చేసేటప్పుడు డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం, అడిగి, లిఫ్టులూ మెట్లూ ఉండే మధ్యభాగానికి దగ్గరగా, కింది అంతస్తులో, కిటికీ ఉన్న గది తీసుకోండి. ‘గ్యారంటీ క్యాబిన్’ పేరుతో ధర తగ్గించి, గది నంబరు తర్వాత వాళ్లే ఇచ్చే పద్ధతి ఒకటుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

షిప్పు రెండు వైపులా నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఊగదని ఏజెంట్లు చెబుతారు. అవి పక్కలకు ఊగడాన్ని బాగానే తగ్గిస్తాయి. ముక్కు పైకి లేచి కిందికి పడే ఊపు మీద వాటి ప్రభావం నామమాత్రం. షిప్పు నెమ్మదిగా పోతున్నప్పుడు వాటి పట్టు తగ్గుతుంది.

ముందూ వెనకా ఒక్కో రోజు ఖాళీ

షిప్పు బయల్దేరే రోజు పొద్దున తిరుపతిలో రైలెక్కే ప్లాను వేయకండి. రైలు ఆలస్యమైనా, నగరి దాటాక వానకు రోడ్డు ఆగినా, చెక్ఇన్ కౌంటర్ మీ కోసం తెరిచి ఉండదు. అది షిప్పు కదలడానికి గంటో రెండు గంటలో ముందే మూసేస్తారు. ముందు రోజు సాయంత్రానికి చెన్నైలో ఉండండి.

తిరుగు ప్రయాణంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. తుపాను వస్తుంటే రేవు లోపలున్న పెద్ద షిప్పులను కూడా బయటి సముద్రంలోకి పంపించేస్తారు, ఎందుకంటే గట్టుకు కట్టేసిన షిప్పు గాలికి గట్టునే గుద్దుకుంటుంది. అలాంటప్పుడు మీ షిప్పు లోపలికి రాలేదు, ఒకటి రెండు రోజులు బయటే ఆగొచ్చు. కాబట్టి దిగే రోజు సాయంత్రానికే రైలు టికెట్, మర్నాటికే మూడు వందల రూపాయల దర్శనం, ఆ మర్నాటికి ఇంట్లో ముహూర్తం పెట్టుకోవద్దు. దర్శనం టికెట్ తేదీ మార్చుకునే వీలుండదు. రైలు టికెట్ రద్దు చేసుకోవచ్చు గానీ, బయల్దేరే గంట దగ్గర పడేకొద్దీ తిరిగొచ్చే సొమ్ము తగ్గుతుంది. రైలునే రైల్వే రద్దు చేస్తే మాత్రం పూర్తి సొమ్ము వస్తుంది. చెన్నై నుంచి మనకు బస్సులు విరివిగా ఉన్నాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందుగా టికెట్ కొనకపోవడమే మేలు. చిత్తూరు వాళ్లకు కాట్పాడి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు అనే దారి ఎలాగూ ఉంది.

రోజూ వేసుకునే మందులు ప్రయాణ రోజులకు సరిపడా కాకుండా మూడు, నాలుగు రోజులు అదనంగా పెట్టుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు చెక్ఇన్‌లో తీసుకుని సాయంత్రానికి గాని గది దగ్గర పెట్టరు.

టికెట్ నిబంధనల్లో చదవాల్సిన మూడు చోట్లు

మొదటిది, దారి మార్చే హక్కు. వాతావరణం వల్ల రేవు వదిలేసినా, క్రమం మార్చినా, బయల్దేరడం ఆలస్యమైనా నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని దాదాపు ప్రతి కంపెనీ రాసుకుంటుంది. ఆగని రేవుకు మీరు కట్టిన రేవు రుసుము మాత్రం సాధారణంగా తిరిగి ఇస్తారు. రెండోది, మీరు రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత పోతుందన్న పట్టిక. మూడోది, ఒడ్డు మీద తిప్పి చూపించే టూర్ల నిబంధన. షిప్పు వాళ్ల దగ్గర కొన్న టూరు రేవుతో పాటు రద్దయితే సొమ్ము వెనక్కి వస్తుంది. మీరు బయట మాట్లాడుకున్న వ్యాన్‌కు ఆ హామీ లేదు. వ్యాన్ చవక, నిజమే. కానీ ‘షిప్పు రాకపోతే అడ్వాన్సు తిరిగిస్తాం’ అని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

ప్రయాణ బీమా క్రూయిజ్ బుక్ చేసిన వారంలోనే తీసుకోండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపాను నష్టానికి సాధారణంగా పనిచేయదు, తెలిసిన ప్రమాదం కింద లెక్క వేస్తారు. పాలసీలో వెతకాల్సిన మాటలు: రేవు తప్పిపోవడం, ప్రయాణం ఆలస్యం, సముద్రంలో వైద్యం, షిప్పు మీది నుంచి ఆసుపత్రికి తరలింపు. చివరిదానికి ఖర్చు చాలా ఎక్కువవుతుంది, అది లేని పాలసీ తీసుకోకండి. విదేశీ రేవు ఉంటే పాస్‌పోర్టుతో పాటు ఆ దేశం అడిగే అనుమతి ముందే తెచ్చుకోవాలి. షిప్పు అనుకోకుండా వేరే దేశం వైపు మళ్లితే, వీసా లేనివాళ్లు షిప్పులోనే ఉండిపోవాల్సి రావొచ్చు.

మందు: తిప్పడం మొదలయ్యాక కాదు, రెండు గంటల ముందు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ‘ముందు చూద్దాం, తిప్పితే వేసుకుందాం’ అని మాత్ర జేబులో పెట్టుకుంటారు. చెవి లోపలి భాగం ఊగుతున్నామని చెబుతుంటే, క్యాబిన్ గోడల్ని చూస్తున్న కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఆ తేడాకు మెదడు తికమకపడి వికారం పుడుతుంది. ఒకసారి వికారం మొదలైందంటే కడుపు పని మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది లేదా వాంతిలో పోతుంది. అందుకే ముందే వేసుకోవాలి.

మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష మన ఊళ్లోనే ఉంది. తిరుమల నుంచి దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో మీ పరిస్థితి ఏమిటి? అక్కడ కవరు పట్టుకుని కూర్చునేవాళ్లయితే షిప్పులో మందు వేసుకోవాల్సినవాళ్లే. మొగిలి ఘాట్‌లో కారు వెనక సీట్లో ఫోన్ చూడలేనివాళ్లూ ఇందులోకే వస్తారు. మైగ్రేన్ ఉన్నవాళ్లు, గర్భిణులు, రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలు తొందరగా ఇబ్బంది పడతారు. రెండేళ్లలోపు పసివాళ్లకు ఇది అరుదు.

మందులు డాక్టరును అడిగే తీసుకోవాలి. అడగడానికి పనికొచ్చే వివరాలు ఇవి. అవోమిన్‌గా దొరికే ప్రోమెథాజిన్ 25 మిల్లీగ్రాముల మాత్రను పెద్దవాళ్లకు ముందు రాత్రి పడుకునేటప్పుడు గానీ, బయల్దేరడానికి ఒకటి రెండు గంటల ముందు గానీ ఇస్తారు. ఇది బాగా నిద్ర తెప్పిస్తుంది. స్టుజెరాన్‌గా దొరికే సిన్నరిజిన్ 25 మిల్లీగ్రాములను రెండు గంటల ముందు వేసుకోమంటారు, దీనికి మత్తు కొంచెం తక్కువ. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు ప్రోమెథాజిన్ గురించి, పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్లు సిన్నరిజిన్ గురించి ముందే డాక్టరుకు చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథాజిన్ అస్సలు ఇవ్వకూడదు. ఏ మాత్ర వేసుకున్నా మద్యం ముట్టొద్దు.

మన ఇళ్లల్లో వాంతులనగానే గుర్తొచ్చే ఒండాన్‌సెట్రాన్, అంటే ఎమిసెట్, ఈ ఊగుడు వికారాన్ని ఆపడంలో పెద్దగా పనిచేయదు. జీర్ణాశయం చెడి వచ్చే వాంతులకు దాన్ని వాడతారు, దీని దారి వేరు. ‘ఎమిసెట్ ఉంది కదా’ అన్న ధైర్యంతో బయల్దేరకండి.

ఎంచుకున్న మాత్రను ఏదైనా సెలవు రోజు ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. ఎంత నిద్ర వస్తుంది, నోరు ఎంత ఎండుతుంది, తల బరువుగా ఉంటుందా అన్నది షిప్పెక్కక ముందే తెలుస్తుంది. అల్లం మురబ్బా, శొంఠి కూడా తోడు పెట్టుకోవచ్చు. అర టీస్పూను శొంఠి పొడి తేలికపాటి వికారానికి కొందరికి బాగా పనిచేస్తుంది, గట్టి అలలకు దాని ఒక్కదాన్నే నమ్ముకోలేం. నిమ్మకాయ వాసన చూడటం వల్ల హాని లేదు, హాయిగా ఉంటే చూడండి. వికారం ఆపుతాయని అమ్మే మణికట్టు పట్టీలు కొనాలా అంటే, ఆ డబ్బుతో ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొనమంటాం. మనిషికి మూడు చొప్పున, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి చూసి తీసుకోండి.

చివరి వారం: హెచ్చరికలు ఎలా చదవాలి

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తును రోజూ ముందుగా చెబుతుంది, గాలి సంగతి వాతావరణ శాఖ చెబుతుంది. ఆ లెక్కలు ఇలా అర్థం చేసుకోండి. అల 1.25 మీటర్ల లోపు ఉంటే పెద్ద షిప్పులో చాలామందికి తెలియనే తెలియదు. 1.25 నుంచి 2.5 దాకా ‘మోడరేట్’, ఘాట్ రోడ్డు పడనివాళ్లకు తెలుస్తుంది. 2.5 నుంచి 4 దాకా ‘రఫ్’, కాఫీ కప్పులు జరుగుతాయి, భోజనశాలలో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. 4 దాటితే ‘వెరీ రఫ్’, బయటి డెక్కులు మూసేస్తారు.

టీవీలో ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని వచ్చినప్పుడు వెనకే వచ్చే అంకె వినండి. గంటకు 35-45 కిలోమీటర్లు అంటే ప్రయాణం సాగుతుంది, ఊగుతుంది. 45-55, అప్పుడప్పుడు 65 అంటే రేవులు మారే అవకాశం గట్టిగా ఉంది. ఎందుకంటే పది అంతస్తుల షిప్పు పక్కభాగం తెరచాపలా గాలిని పడుతుంది, ఇరుకు రేవులో దాన్ని గట్టుకు చేర్చడం కష్టమవుతుంది. పైగా రేవు లోపలికి దారి చూపే పైలట్ చిన్న పడవలో వచ్చి తాడు నిచ్చెన పట్టుకుని షిప్పెక్కాలి, అలలు ఎక్కువుంటే అది ప్రాణాంతకం. రేవుల్లో ఎగరేసే హెచ్చరికల్లో 1, 2 దూరంగా ఎక్కడో ఉన్న వాయుగుండం, తుపాను గురించి. 3, 4 ఆ రేవు గురించే. 5 నుంచి ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం, 11 అంటే సమాచార వ్యవస్థే తెగిపోయిందని.

ఎండ కాస్తోంది, గాలి లేదు, అయినా షిప్పు ఊగుతోందంటే ఆశ్చర్యపడకండి. దక్షిణ హిందూ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల దూరాన లేచిన తుపాను అలలు మన తీరం దాకా వస్తాయి. కేరళలో దీన్నే కల్లక్కడల్ అంటారు.

ఎక్కిన రోజు

ఖాళీ కడుపుతో ఎక్కకండి, నిండు కడుపుతోనూ ఎక్కకండి. రెండు మూడు ఇడ్లీలు, కొంచెం పెరుగన్నం చాలు. షిప్పులో మొదటి రోజు బఫే చూడగానే నూనె వంటలన్నీ పళ్లెంలోకి వచ్చేస్తాయి, ఆ రాత్రే ఊగుడు మొదలవుతుంది. ఇంటి వంటను చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు. సీలు వేసిన బొరుగులు, ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా ప్యాకెట్లు ఒప్పుకుంటారేమో ముందే అడిగి పెట్టుకోండి.

లోపలికి వెళ్లగానే భద్రతా డ్రిల్ ఉంటుంది. ఏడు చిన్న మోతలు, ఒక పొడవాటి మోత వినిపిస్తే ఎక్కడ గుమికూడాలో అప్పుడే నడిచి చూసుకోండి. తర్వాత గదిలో పని: గాజు సీసాలు, ఫోన్లు, కళ్లద్దాలు బల్ల మీది నుంచి సొరుగులోకి. పెట్టెలు మంచం కిందికి. బీరువాలో హ్యాంగర్లు రాత్రంతా టకటకలాడి నిద్ర చెడగొడతాయి, వాటి మధ్య తువ్వాలు కూరండి. స్నానాల గది గడప నాలుగైదు అంగుళాలు లేచి ఉంటుంది, పెద్దవాళ్లకు వెలుతురులో ఒకసారి చూపించండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. తీరం దూరమయ్యాక షిప్పులోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను ఫోన్ పట్టుకుంటే బిల్లు వేలల్లో రావొచ్చు.

ఊగడం మొదలయ్యాక

ఒక సంకేతం చెబుతాం: మెట్ల కమ్మీలకు, లిఫ్టుల దగ్గర కాగితపు సంచులు తగిలించడం మొదలుపెట్టారంటే, కెప్టెన్‌కు అలల సంగతి ముందే తెలిసిందన్నమాట. మందు వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు వెంటనే వేసుకోవాలి.

తర్వాత చేయాల్సింది వరుసగా ఇది. పుస్తకం, ఫోన్ పక్కన పెట్టేయండి. మధ్య అంతస్తులో, షిప్పు నడుమ, కిటికీ ఉన్న చోటికో, తెరిచి ఉంటే బయటి డెక్కుకో వెళ్లి ఆకాశం నీటిని తాకే గీతను చూస్తూ కూర్చోండి. ఆ గీత కదలదు కాబట్టి కళ్లూ చెవీ ఒకే మాట చెబుతాయి. దగ్గరి అలలను చూడకండి, అవి ఇంకా తిప్పుతాయి. వంటశాల, డీజిల్, అత్తరు వాసనలకు దూరంగా ఉండండి. పావుగంటైనా తగ్గకపోతే గదికి వెళ్లి వెల్లకిలా పడుకుని, తల కదలకుండా రెండు వైపులా దిండ్లు పెట్టి, కళ్లు మూసుకోండి. సగం కూర్చుని సగం పడుకుని టీవీ చూడటం అన్నిటికంటే చెడ్డ భంగిమ.

వాంతి అయితే పది, పదిహేను నిమిషాలు కడుపుకు విశ్రాంతి ఇవ్వండి. తర్వాత ఒక ప్యాకెట్ ఓఆర్ఎస్‌ను లీటరు నీటిలో కలిపి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టండి. గ్లాసెడు ఒక్కసారి తాగితే మళ్లీ వస్తుంది. అది కడుపులో నిలిచాక నాలుగు బొరుగులు, ఒక బిస్కెట్. కాఫీ ఆ రోజుకు వద్దు. గుక్కెడు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే, మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. అక్కడ ఇంజెక్షన్ ఇస్తారు, ఫీజు మీ ఖాతాలో రాస్తారు, బీమాకు ఆ రసీదు దాచండి. జ్వరం గానీ విరేచనాలు గానీ తోడైతే అది ఊగుడు వికారం కాకపోవచ్చు. షిప్పుల్లో నోరోవైరస్ త్వరగా పాకుతుంది. దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతోనే చేతులు కడగాలి, సిబ్బందికి దాచకుండా చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్ల విషయం విడిగా చెప్పాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర, ఇన్సులిన్ మామూలుగానే తీసుకుని అన్నం నిలవకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాంతులవుతుంటే మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా అన్నదీ డాక్టరు చెప్పాల్సిన మాటే. బయల్దేరే ముందే మీ డాక్టరు దగ్గర ‘తినలేని రోజు ఏం చేయాలి’ అని కాగితం మీద రాయించుకోండి, గ్లూకోమీటర్ వెంట ఉంచుకోండి.

నడకలో ఎప్పుడూ ఒక చేత్తో కమ్మీ పట్టుకోవాలి. హవాయి చెప్పులు వద్దు, పట్టున్న రబ్బరు అడుగు చెప్పులు వేసుకోండి. తలుపు అంచు మీద వేళ్లు పెట్టకండి. గాలికి డెక్కు తలుపు మూసుకుంటే ఎముకలు విరుగుతాయి, షిప్పుల్లో ఇవి తరచూ అయ్యే గాయాలే. బాల్కనీ తలుపు, గది తలుపు ఒకేసారి తెరవొద్దు. స్నానం ఆ పూటకు మానేసి తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. రాత్రి గోడలు కిర్రుమంటాయి, ముక్కు అలను కొట్టినప్పుడు ధడేల్మని వినిపిస్తుంది. ఉక్కు వంగి సర్దుకుంటున్న చప్పుళ్లవి, షిప్పుకేమీ కాలేదని పిల్లలకు ముందే చెప్పి పడుకోబెట్టండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

రేవు మారిందని మైకులో చెప్పాక

ఆ మొదటి గంట విలువైనది. ప్రకటనను రాసుకోండి: ఏ రేవు పోయింది, బదులు ఏది, షిప్పు గడియారం మారుతుందా. శ్రీలంక టైము మనదే, సింగపూర్ వైపైతే రెండున్నర గంటలు ముందుంటుంది. ఫోన్ టైమును నమ్మి షిప్పు తప్పిపోయేవాళ్లు ఇలాంటి మార్పు రోజుల్లోనే ఎక్కువ. తర్వాత, సిగ్నల్ ఉండగానే బయట మాట్లాడుకున్న వ్యాన్, హోటల్ వాళ్లకు మెసేజ్ పెట్టండి. షిప్పు వైఫై కొనాల్సి వచ్చినా ఒక గంటకు కొనండి, అడ్వాన్సు కంటే తక్కువే పడుతుంది. మిమ్మల్ని చెన్నైలో దింపుకోవడానికి వచ్చే వాళ్లకూ చెప్పండి. నోటీసు కాగితం, యాప్‌లో వచ్చిన కొత్త షెడ్యూలు ఫొటో తీసుకోండి. దిగే లోపు రిసెప్షన్‌లో కారణం, తేదీ రాసిన లేఖ అడిగి తీసుకోండి, బీమా వాళ్లు మొదట అడిగేది అదే. రేవు రుసుము మీ ఖాతాలో తిరిగి పడిందో లేదో ఆఖరి బిల్లులో చూడండి.

రిసెప్షన్‌లో ఉన్న కుర్రవాళ్లతో గొడవ పెట్టుకోకండి. దారి నిర్ణయించేది షిప్పు నడిపే గదిలో ఉన్న కెప్టెన్, వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఆ సమయంలో భోజనాల వేళలు, పిల్లల ఆటల గది, సాయంత్రం కార్యక్రమం సీట్లు పట్టుకోండి. రేవు రోజు కాస్తా సముద్రం రోజయితే అందరూ ఒకేసారి లోపలే ఉంటారు, గంటలో అన్నీ నిండిపోతాయి. పేకముక్కలు, అష్టాచెమ్మా గవ్వలు పెట్టుకొచ్చిన కుటుంబానికి ఆ రోజు బాగా గడుస్తుంది. గడుల గుడ్డ మాత్రం మధ్య మధ్య కిటికీ వైపు చూసేలా పరుచుకోండి.

షిప్పు గట్టుకు ఆనలేక దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపే రేవులు అన్నిటికంటే ముందు రద్దవుతాయి. మీటరు, మీటరున్నర అలకే ఆ పడవ ప్రమాదం. లక్షద్వీప్ దీవుల్లో దిగడం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. దింపుతున్నారంటే సిబ్బంది ముంజేతిని పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణంలో వాళ్లు చెప్పినప్పుడే అడుగు వేయండి, దూకొద్దు. చేతుల్లో సంచులు ఉండకూడదు, చీర కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ రోజు షిప్పులోనే ఉండటం మంచిది. తిరిగి రావడానికి చివరి పడవ దాకా ఆగొద్దు, మధ్యాహ్నం గాలి పెరిగితే వరుస రెండు గంటలవుతుంది.

దిగిన తర్వాత

నేల మీద కాలు పెట్టాక కూడా ఊగుతున్నట్టే ఉంటుంది, ముఖ్యంగా స్నానం చేస్తూ కళ్లు మూసుకున్నప్పుడు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది, దీనికి మందు అక్కర్లేదు. అది తగ్గేదాకా బండి, కారు నడపకండి, తిరుపతికి బస్సులోనో రైల్లోనో రండి. మొక్కు తీర్చుకోవడానికి నేరుగా కొండెక్కాలనుకునేవాళ్లు ఒక రాత్రి ఇంట్లో పడుకుని, మర్నాడు వెళ్లండి. నెల దాటినా ఊగుడు పోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.